సెప్సిస్ పేషెంట్ రక్తపరీక్షలు: ఏ అంకెను ఎప్పుడు, ఎలా చదవాలి

ఐసీయూలో మనవాళ్లు ఉన్నప్పుడు తెల్లారేసరికి ఫోన్‌కి ఒక రిపోర్టు వస్తుంది. ముప్ఫై నలభై అంకెలు, అందులో సగం ఎర్రగా, పక్కన పైకో కిందికో బాణం గుర్తులు. మా నాన్న సెప్సిస్‌తో పన్నెండు రోజులు ఐసీయూలో ఉన్నప్పుడు నేను ఆ ఎర్ర అంకెలన్నిటికీ ఒకేలా భయపడ్డాను. రెండో రోజు సీఆర్‌పీ 180 నుంచి 240కి పెరగడం చూసి గుండె జారిపోయింది. అదే కాగితం మీద లాక్టేట్ 4.6 నుంచి 2.1కి దిగింది. అది నా కళ్లకు ఆనలేదు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు మాత్రం ముందు దాన్నే చూసి, "నిన్న రాత్రి కన్నా నయం" అని పక్క బెడ్డు దగ్గరికి వెళ్లిపోయారు.

ఆయన ఏం చూశారో నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ఆ వారం మీకు మిగలాలని ఇది రాస్తున్నాను. నేను డాక్టరును కాను, వైద్యం ఎలా చేయాలో ఇందులో ఉండదు. పేషెంట్ ఎటు వెళ్తున్నారో రిపోర్టులో ఏ అంకె చెబుతుంది, ఏది ఆలస్యంగా చెబుతుంది, ఏది అసలు చెప్పదు, డాక్టరు దొరికిన రెండు నిమిషాల్లో ఏం అడగాలి, అంతవరకే.

ముందు ఒక విషయం. సెప్సిస్ అంటే ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండటం ఒక్కటే కాదు. ఇన్ఫెక్షన్ మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసే స్థితి అది. 2016లో వచ్చిన అంతర్జాతీయ నిర్వచనం సారాంశం ఇదే. కాబట్టి రిపోర్టులోని అంకెలు రెండు రకాలు. కొన్ని "మంట ఎంత ఉంది" అని చెబుతాయి: సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్, తెల్లకణాలు. మిగతావి "ఇల్లు ఎంత కాలింది" అని చెబుతాయి: లాక్టేట్, క్రియాటినిన్ (కిడ్నీ గురించి చెప్పేది), బిలిరుబిన్ (లివర్ గురించి చెప్పేది), ప్లేట్‌లెట్స్ (రక్తం గడ్డకట్టించే కణాలు). మనిషి గట్టెక్కుతారా అన్న ప్రశ్నకు దగ్గరగా ఉండేవి ఈ రెండో రకమే. మనం మాత్రం మొదటి రకం చూసి బెంబేలెత్తిపోతాం, ఎందుకంటే పెద్ద పెద్ద అంకెలు అక్కడే ఉంటాయి.

1. ఒక నోట్‌బుక్ తీసుకోండి

ఫోన్‌లో పీడీఎఫ్‌లు తెరిచి మూసి పోల్చుకోవడం కుదరదు. ఒక పేజీలో అడ్డంగా తేదీ, టైమూ, నిలువుగా పరీక్షల పేర్లు రాసుకోండి. టైము అంటే రిపోర్టు వచ్చిన టైము కాదు, రక్తం తీసిన టైము. సెప్సిస్‌లో ఆరు గంటల తేడాకి కథ మారిపోతుంది. తెల్లవారుజామున తీసిన శాంపిల్ రిపోర్టు మధ్యాహ్నం చూసి "ఇప్పుడు ఇలా ఉంది" అనుకుంటే పొరపాటే.

మొదటి గడిలో జబ్బు చేయకముందు అంకెలు రాయండి. ఇంట్లో పాత రిపోర్టులు వెతికి ఆర్నెల్ల కిందటివో ఏడాది కిందటివో క్రియాటినిన్, ప్లేట్‌లెట్స్, బిలిరుబిన్ పట్టుకోండి. ఎప్పుడూ క్రియాటినిన్ 0.8 ఉండే మనిషికి 2.0 వస్తే కిడ్నీ దెబ్బతిన్నట్టు. ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో 2.0 దగ్గరే ఉన్న మనిషికి అదే 2.0 కొత్త సంగతేమీ కాదు. ఆ పాత రిపోర్టుని డాక్టరుకి కూడా చూపించండి. ఐసీయూ టీమ్‌కి మీరు చేయగల అసలైన సాయాల్లో ఇదొకటి.

అంకె పక్కన యూనిట్ తప్పకుండా రాయండి. లాక్టేట్‌ని కొన్ని ల్యాబులు మిల్లీమోల్స్‌లో, కొన్ని మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. డెసిలీటరుకు 18 మిల్లీగ్రాములు అంటే లీటరుకు 2 మిల్లీమోల్స్ అన్నమాట. సీఆర్‌పీ ఒక చోట లీటరు లెక్కన, మరో చోట డెసిలీటరు లెక్కన ఉంటే పది రెట్లు తేడా కనిపిస్తుంది. ఆసుపత్రి మారినప్పుడు 15 కాస్తా 150 అయిందని ఏడ్చినవాళ్లను చూశాను. రెండూ ఒకటే.

2. ముందుగా లాక్టేట్ చూడండి

కణాలకు ఆక్సిజన్, రక్తప్రసారం సరిపోనప్పుడు అవి వేరే దారిలో శక్తి తయారుచేసుకుంటాయి. అప్పుడు లాక్టేట్ పేరుకుంటుంది. సెప్సిస్‌లో ఒంట్లోని ఒత్తిడి హార్మోన్ల వల్ల కూడా ఇది పెరుగుతుంది. కారణం ఏదైనా, ఎంత ఎక్కువుంటే ముప్పు అంత ఎక్కువ. లీటరుకు 2 మిల్లీమోల్స్ లోపు ఉంటే మామూలు. 2 దాటితే జాగ్రత్త పడాలి. 4 దాటితే, బీపీ బాగానే కనిపిస్తున్నా సరే, పరిస్థితి తీవ్రంగానే ఉందని అర్థం.

తగినంత ఫ్లూయిడ్స్ ఎక్కించిన తర్వాత కూడా బీపీ నిలబెట్టడానికి నార్‌అడ్రినలిన్ లాంటి మందు కావాల్సి వచ్చి, లాక్టేట్ కూడా 2 పైనే ఉంటే దాన్ని సెప్టిక్ షాక్ అంటారు. 2016 నిర్వచనం కోసం చూసిన లెక్కల్లో ఈ స్థితిలో ఉన్నవాళ్లలో 40 శాతానికి పైగా ఆసుపత్రిలోనే చనిపోయారు. ఈ అంకె రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. రాశాను, ఎందుకంటే ఇది ఎలాగూ మీకు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. అది వేలమందిని కలిపి తీసిన లెక్క. మీ మనిషి వయసు, పాత జబ్బులు, ఇన్ఫెక్షన్ ఎక్కడుంది, వైద్యం ఎంత త్వరగా మొదలైంది అన్నవేవీ అందులో కనిపించవు.

మొదటి లాక్టేట్ కన్నా రెండోది ముఖ్యం. మొదటిది 2 దాటితే రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ చూడాలని అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. కొన్ని పరిశోధనల్లో ఆరు గంటల్లో కనీసం 10 శాతం తగ్గడాన్ని మంచి గుర్తుగా తీసుకున్నారు, మరికొన్నిట్లో రెండు గంటలకు 20 శాతం తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్నారు. ఏ లెక్కైనా సారం ఒకటే: 6 నుంచి 3కి దిగుతున్న పేషెంట్, 3 దగ్గర కదలకుండా కూర్చున్న పేషెంట్ కన్నా చాలాసార్లు మెరుగైన దారిలో ఉన్నట్టు.

ఇందులో మోసపోయే చోట్లు కూడా ఉన్నాయి. ఆయాసానికి సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ పెట్టినా, అడ్రినలిన్ ఇస్తున్నా, ఫిట్స్ వచ్చినా లాక్టేట్ పెరుగుతుంది. లివర్ దెబ్బతిన్నవాళ్లలో త్వరగా దిగదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతూ కిడ్నీలు పాడైతే అదీ కారణం కావచ్చు. మామూలు ట్యూబులో తీసిన రక్తం ల్యాబుకి వెళ్లేలోపు చాలాసేపు పక్కన పడి ఉంటే, అందులోని కణాలు లాక్టేట్ తయారుచేస్తూనే ఉంటాయి, అంకె ఊరికే పెద్దదవుతుంది. అందుకే మిగతావన్నీ బాగుండి ఇదొక్కటే ఎగిరితే డాక్టర్లు మళ్లీ శాంపిల్ తీయిస్తారు. ఇంకా రక్తం కావాలా అని అడ్డుపడకండి.

2019లో వచ్చిన ఆండ్రోమెడా షాక్ అనే అధ్యయనం నాకు భలే నచ్చింది. సెప్టిక్ షాక్ పేషెంట్లలో సగం మందికి లాక్టేట్ చూస్తూ, మిగతా సగానికి వేలి కొన నొక్కి వదిలితే రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో (మూడు సెకన్లలోపు రావాలి) చూస్తూ వైద్యం చేశారు. 28 రోజుల్లో మరణాలు వేలు చూసిన గుంపులో 34.9 శాతం, లాక్టేట్ చూసిన గుంపులో 43.4 శాతం. గణాంకాల ప్రకారం ఆ తేడా గట్టిగా నిలబడేంత కాదు, కానీ ఖరీదైన మిషన్ లేని చోట కూడా మూడు సెకన్ల లెక్క అక్కరకొస్తుందని తేలింది. అలాగని మీరు వెళ్లి నాన్నగారి వేళ్లు నొక్కుతూ కూర్చోకండి.

3. తర్వాత అవయవాల లెక్క: సోఫా స్కోర్

ఐసీయూలో "సోఫా ఎంత?" అని వినిపిస్తే కుర్చీల గురించి అనుకున్నాను. 1996 నుంచి వాడుకలో ఉన్న స్కోరు అది. ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టడం, లివర్, రక్తప్రసారం, మెదడు, కిడ్నీలు, ఈ ఆరింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం 24. పరీక్షల్లో మార్కులకు ఇది రివర్స్, ఎక్కువ వస్తే చెడ్డది. ఇందులో నాలుగు రక్తం నుంచే వస్తాయి.

ప్లేట్‌లెట్స్ లక్షన్నర కన్నా తగ్గితే ఒక మార్కు, లక్ష కన్నా తగ్గితే రెండు, 50 వేల కన్నా తగ్గితే మూడు, 20 వేల కన్నా తగ్గితే నాలుగు. బిలిరుబిన్ (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో) 1.2 నుంచి మొదలై 2, 6, 12 దగ్గర మెట్లు మారతాయి. క్రియాటినిన్‌కి ఆ మెట్లు 1.2, 2, 3.5, 5. నాలుగోది ధమని రక్తంలో ఆక్సిజన్, ఇస్తున్న ఆక్సిజన్‌తో పోల్చి లెక్కగడతారు.

ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి ఈ స్కోరు మామూలు కన్నా రెండు పెరిగితే సెప్సిస్ అంటారు. అలాంటివాళ్లలో ఆసుపత్రి మరణాలు సుమారు 10 శాతం. ఇక్కడ కూడా మొదటి రోజు స్కోరు కన్నా రెండు రోజుల్లో అది ఎటు కదిలిందన్నదే పెద్ద విషయం. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి 48 గంటల్లో స్కోరు పెరిగినవాళ్లలో మొదట ఎంతున్నా సగానికి సగం మంది చనిపోయారు. తగ్గినవాళ్లలో ఆ లెక్క 27 శాతం లోపే. వైద్యం అప్పటికన్నా మారింది కాబట్టి ఆ శాతాలను నేటికి అలాగే అంటించుకోకండి. 48 గంటలు ఆగి చూడాలన్న పాఠం మాత్రం మారలేదు. మొదటి రాత్రి "బతుకుతారా చెప్పండి" అని డాక్టరుని నిలదీస్తే ఆయన నీళ్లు నమలడానికి కారణం ఇదే. నిజంగానే అప్పటికి తెలియదు.

మార్కుల్లో కనిపించనివి కూడా కొన్ని ఉన్నాయి. మూడు లక్షలుండే ప్లేట్‌లెట్స్ రెండు రోజుల్లో లక్షా అరవై వేలకు పడితే ల్యాబు రిపోర్టులో ఎర్ర రంగు రాదు, సోఫాలో మార్కు పడదు. కానీ సగం పోయాయి. మీ నోట్‌బుక్ అక్కర ఇక్కడే తెలుస్తుంది. మరోవైపు, నాలుగైదు రోజుల తర్వాత ప్లేట్‌లెట్స్ వాటంతటవే పైకి లేవడం మొదలైతే మంచి కబురు. వాటంతటవే అన్నాను, గమనించండి. ప్లేట్‌లెట్స్ ఎక్కించిన మర్నాడు పెరిగితే అది కోలుకున్నట్టు కాదు. ఎక్కించిన రోజు పక్కన ఒక గుర్తు పెట్టుకోండి.

క్రియాటినిన్ బద్ధకస్తురాలు. కిడ్నీ దెబ్బతిన్న ఒకట్రెండు రోజుల తర్వాత గానీ నిజం చెప్పదు. అంతకన్నా ముందే మూత్రం తగ్గిపోతుంది. బాగయ్యేటప్పుడూ అంతే, ముందు మూత్రం పెరుగుతుంది, తర్వాతే అంకె దిగుతుంది. డయాలసిస్ మొదలైతే క్రియాటినిన్ దిగినందుకు సంబరపడొద్దు, దాన్ని మిషన్ దింపింది. అప్పుడు చూడాల్సింది రోజుకి మూత్రం ఎంత వస్తోందన్నదే.

4. ప్రోకాల్సిటోనిన్: రోజురోజుకీ సగం అవుతోందా?

పీసీటీ అని కూడా రాస్తారు. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో రక్తంలో పెరిగే ప్రోటీన్ ఇది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము కన్నా తక్కువే. బ్యాక్టీరియా సెప్సిస్‌లో 2 దాటడం మామూలు, 10, 50, ఇంకా పైకి కూడా వెళ్తుంది. ఇన్ఫెక్షన్ మొదలైన కొన్ని గంటల్లోనే పెరిగి, దాదాపు ఒక రోజుకి శిఖరం చేరుతుంది.

శిఖరం ఎంత ఎత్తుంది అన్నదాన్ని పట్టుకుని దిగులుపడకండి. రక్తంలో దీని సగం ఆయుష్షు సుమారు ఒక రోజు. అంటే మందు సరిగ్గా తగిలి ఇన్ఫెక్షన్ అదుపులోకి వస్తే 40 ఉన్నది మర్నాడు 20 దగ్గరికి, ఆ మర్నాడు 10 దగ్గరికి రావాలి. 40 నుంచి 36, ఆ తర్వాత 38 అని నత్తనడక నడిస్తే, యాంటీబయాటిక్ పనిచేయడం లేదా, చీము ఎక్కడైనా మిగిలిందా అని అడగాల్సిన సమయం వచ్చినట్టే. అమెరికాలో కొన్ని ఆసుపత్రుల్లో కలిపి చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో రోజుకి ఇది 80 శాతానికి పైగా తగ్గనివాళ్లలో 28 రోజుల మరణాలు 20 శాతం, తగ్గినవాళ్లలో 10 శాతం.

ఈ 80 శాతం లెక్కకు ఇంకో వాడకం కూడా ఉంది. శిఖరం నుంచి 80 శాతం తగ్గినా, 0.5కి దిగినా యాంటీబయాటిక్స్ ఆపొచ్చేమో డాక్టర్లు ఆలోచిస్తారు. 2016లో నెదర్లాండ్స్‌లో పెద్ద ఎత్తున ఇలా చేసి చూస్తే మందుల రోజులు ఏడు నుంచి అయిదుకి తగ్గాయి, మరణాలు పెరగలేదు. కాబట్టి "ఇంకా ఐసీయూలో ఉన్నారు, మందెందుకు ఆపుతున్నారు" అని గొడవపడేముందు పీసీటీ ఎంతో అడగండి. అయితే మందు మొదలుపెట్టాలా వద్దా అన్నదానికి దీన్ని నమ్ముకోవద్దని 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పీసీటీ తక్కువుందని సెప్సిస్‌లో మందు ఆలస్యం చేయకూడదు.

పెద్ద ఆపరేషన్, కాలిన గాయాలు, పెద్ద ప్రమాదం తర్వాత ఒకట్రెండు రోజులు ఇన్ఫెక్షన్ లేకున్నా ఇది పెరుగుతుంది. కిడ్నీలు పనిచేయనివాళ్లలో నెమ్మదిగా దిగుతుంది.

5. సీఆర్‌పీని ఆఖర్న చూడండి

నన్ను ఏడిపించిన అంకె ఇదే కాబట్టి కాస్త పక్షపాతం ఉండొచ్చు. 1930లో న్యుమోనియా పేషెంట్ల రక్తంలో దీన్ని మొదటిసారి గుర్తించారు, అంత పాత పరీక్ష. ఇది లివర్ తయారుచేసే ప్రోటీన్, శిఖరం చేరడానికి రెండు రోజుల దాకా పడుతుంది. అంటే మందు పడి మనిషి తేరుకుంటున్న రెండో రోజున కూడా ఇది పైకి ఎక్కుతూనే ఉండొచ్చు. నాన్న విషయంలో జరిగింది అదే. మూడో రోజు తర్వాత కూడా దిగకపోతే అప్పుడు పట్టించుకోవాలి. 300 ఉన్న మనిషికి 150 ఉన్న మనిషి కన్నా రెట్టింపు ముప్పు అన్న లెక్క లేదు. స్టెరాయిడ్లు ఇస్తుంటే, లివర్ బాగా చెడితే ఇది తక్కువగా కనిపించి మోసం చేస్తుంది కూడా.

6. తెల్లకణాలు ఎక్కువుంటేనే చెడ్డదనుకోకండి

22 వేలు చూసి అందరూ కంగారుపడతారు. 2 వేలు చూసి "ఇన్ఫెక్షన్ తగ్గింది" అనుకునేవాళ్లున్నారు. తప్పు. సెప్సిస్‌లో 4 వేల కిందికి పడటం చాలాసార్లు పెరగడం కన్నా భయపెట్టే విషయం, సైన్యం అయిపోయిందని అర్థం. స్టెరాయిడ్లు ఇస్తే కౌంట్ పెరుగుతుంది, దానికి ఇన్ఫెక్షన్‌తో పని లేదు.

మొత్తం కౌంట్ కింద ఉండే లింఫోసైట్స్ (తెల్లకణాల్లో ఒక రకం) మీద ఎవరి కన్నూ పడదు. మొదటి రోజుల్లో ఇవి తగ్గడం మామూలే. నాలుగు రోజులు దాటినా వెయ్యి కిందే ఉండిపోతే రోగనిరోధక శక్తి అలసిపోయిందని, కొత్త ఇన్ఫెక్షన్ పట్టుకునే అవకాశం ఉందని అనుమానిస్తారు. న్యూట్రోఫిల్స్‌ని (తెల్లకణాల్లో ఇంకో రకం) లింఫోసైట్స్‌తో భాగించి చూసే పద్ధతి కూడా ఉంది. మామూలుగా 1 నుంచి 3 మధ్య ఉండేది సెప్సిస్‌లో 10, 20 దాటుతుంది. ఇంత దాటితే ఇలా అని అందరూ ఒప్పుకున్న గీత లేదు కాబట్టి, అది దిగుతోందా ఎక్కుతోందా అన్నంతవరకు చూసుకుంటే చాలు.

7. మిగతావి, క్లుప్తంగా

ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే అంకె) 1.5 దాటి, ప్లేట్‌లెట్స్ కూడా పడుతుంటే రక్తం గడ్డకట్టే వ్యవస్థ చెదిరిందని అర్థం, ఆ రెండూ కలిసి నడుస్తున్నాయేమో చూడండి. అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) తక్కువుంటే మంచిది కాదు, కానీ సెప్సిస్‌లో దాదాపు అందరికీ పడిపోతుంది, లేవడానికి వారాలు పడుతుంది, రోజూ చూసి లాభం లేదు. షుగర్ మరీ తగ్గిపోవడం, ముఖ్యంగా లివర్ కూడా దెబ్బతిన్నప్పుడు, ప్రమాద సూచన. ఐఎల్-6, ప్రిసెప్సిన్, ప్రోఅడ్రినోమెడులిన్ లాంటి రక్తపరీక్షలు కూడా కొన్ని చోట్ల చేస్తారు. చివరిది ముప్పును అంచనా వేయడంలో బాగా పనిచేస్తుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది, కానీ అన్ని ల్యాబుల్లో దొరకదు. అవి చేయలేదని వైద్యం తక్కువైనట్టు కాదు.

బ్లడ్ కల్చర్ భవిష్యత్తు చెప్పే పరీక్ష కాదు. ఏ క్రిమి, ఏ మందుకి లొంగుతుంది అని చెబుతుంది. వీలైతే యాంటీబయాటిక్ ఇవ్వకముందే తీస్తారు, ఫలితానికి ఒకటి నుంచి అయిదు రోజులు పట్టొచ్చు. ఏమీ పెరగలేదని వస్తే సెప్సిస్ కాదని కొట్టిపారేయకూడదు.

8. అన్నిటినీ కలిపి చదవండి

అంకెల పక్కన ఇంకో మూడు వరసలు రాసుకోండి: బీపీ మందు డోసు, 24 గంటల మూత్రం, ఎంత ఆక్సిజన్ ఇస్తున్నారు. నర్సుని మర్యాదగా అడిగితే చెబుతారు. అప్పుడు బొమ్మ కనబడుతుంది.

లాక్టేట్ దిగింది, పీసీటీ సగమవుతోంది, బీపీ మందు తగ్గిస్తున్నారు, క్రియాటినిన్ మాత్రం ఇంకా పెరుగుతోంది. ఇది తరచూ కనిపించేదే. కిడ్నీ వెనకబడింది, మూత్రం మీద కన్నేసి ఉంచాలి.

సీఆర్‌పీ, పీసీటీ చక్కగా దిగుతున్నాయి, కానీ లాక్టేట్ ఎక్కుతోంది, బీపీ మందు పెరుగుతోంది. దిగే అంకెలను చూసి ఊరట పడొద్దు. పేగుకి రక్తం అందడం లేదా, గుండె బలహీనపడిందా, ఇంకేదైనా జరుగుతోందా అని డాక్టర్లు వెతికే స్థితి అది.

అయిదారు రోజులు అన్నీ మెరుగై, హఠాత్తుగా పీసీటీ తిరగబడి, ప్లేట్‌లెట్స్ మళ్లీ జారితే, కొత్త ఇన్ఫెక్షన్ కావచ్చు. మెడలోని లైను, వెంటిలేటర్, మూత్రపు గొట్టం, ఎక్కడో మిగిలిన చీము, వీటిని చూస్తారు.

ఇక డాక్టరు ఎదురుపడినప్పుడు "ఎలా ఉన్నారు?" అంటే "క్రిటికల్" అనే జవాబే వస్తుంది. దాని బదులు ఇలా అడిగి చూడండి: "నిన్నటి మీద లాక్టేట్, బీపీ మందు ఎటు ఉన్నాయండీ? ఇన్ఫెక్షన్ మూలం దొరికిందా, దాన్ని తీసేయగలిగారా? ఏ అవయవం గురించి మీకు ఎక్కువ ఆందోళన ఉంది? రేపటికి ఏ అంకె మారితే మీకు ధైర్యం వస్తుంది?" ఆ ఆఖరి ప్రశ్న వేసిన రోజు డాక్టరు నా నోట్‌బుక్ తీసుకుని ప్లేట్‌లెట్స్ వరస కింద గీత గీసిచ్చారు.

పేషెంట్ ఇంటికొచ్చే రోజు నోట్‌బుక్‌లో చివరి గడి నింపండి: డిశ్చార్జ్ రోజు క్రియాటినిన్, ప్లేట్‌లెట్స్, హిమోగ్లోబిన్, బిలిరుబిన్. అవి డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని, లేకపోతే రాయించుకోండి. క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు చేయించాలో తేదీ అడగండి. నెలల పాటు మంచం మీద కండ కరిగిపోయిన మనిషికి అది నిజం కన్నా తక్కువ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి, 0.9 వచ్చినంత మాత్రాన కిడ్నీ పూర్తిగా బాగయిందని మొదటి రిపోర్టుతోనే ఫైలు మూసేయకండి.